నంబరు, కరెంటు, చెవి: పెద్దల ఇంట్లో ఫోను మార్చే ముందు

సంక్రాంతికి ఊరు వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లేలోపు ముగించాలనుకునే పనుల్లో ఈమధ్య ఇదొకటి చేరింది: ‘ఆ పాత ల్యాండ్‌లైన్‌కు బిల్లు దండగ. తీయించేసి ఫైబర్ పెట్టిద్దాం. నాన్నగారికి మంచి ఫోను కొనిద్దాం.’ మాటల్లో అది ఒకే పని. నిజానికి అందులో మూడు పనులు చిక్కుపడి ఉన్నాయి. నంబరు సంగతి ఒకటి. ఆ ఫోనుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నది రెండోది. పెద్దవాళ్ల చెవికీ వేలికీ సరిపడే పరికరం మూడోది. మూడింటినీ కలిపి ఒక్క పూటలో తేల్చేయబోతే, పిల్లలు రైలెక్కిన మర్నాడే ఇంట్లో ఫోను మూగబోతుంది.

పాత రోజుల్లో ఈ చిక్కు లేదు. నంబరు టెలిఫోను శాఖది, తీగ వాళ్లది, ఆ తీగలో పారే కరెంటూ వాళ్ల ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచే వచ్చేది. బల్ల మీది ఫోను సైతం చాలాకాలం శాఖ ఇచ్చిందే. అన్నిటికీ కలిపి ఒక లైన్‌మన్. ఆయన ఎప్పుడు వస్తాడన్నది దేవుడికే తెలిసినా, ఎవరిని అడగాలో మాత్రం అందరికీ తెలిసేది. ఇప్పుడు నంబరు ఒక కంపెనీది, స్తంభం నుంచి ఇంటికి తీగ లాగింది స్థానిక కేబుల్ ఆపరేటరు, కరెంటు మన ఇంటిది, పరికరం మనం ఆన్‌లైన్‌లో కొన్నది. ఫోను పలకకపోతే నలుగురూ మిగతా ముగ్గురి వైపు వేలు చూపిస్తారు.

దేశంలో ల్యాండ్‌లైన్లు 2006 ప్రాంతంలో అయిదు కోట్ల దాకా వెళ్లి, తర్వాత సెల్‌ఫోన్ల ధాటికి సగానికన్నా తక్కువకు పడిపోయాయి. ఇటీవల మళ్లీ పెరుగుతున్నాయి. ఆ పెరుగుదల రాగి తీగలది కాదు, ఫైబర్ ఇంటర్నెట్టుతో పాటు ఇచ్చే ఫోన్లది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2022 ఆగస్టులో జియో, బీఎస్ఎన్ఎల్‌ను దాటి ల్యాండ్‌లైన్లలో మొదటి స్థానానికి వచ్చింది. పేరు పాతదే, లోపలి సరుకు మారిపోయింది.

నంబరు మనతో వస్తుందా?

మొబైల్ నంబరు వస్తుంది, ల్యాండ్‌లైన్ నంబరు రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. కంపెనీ మారినా నంబరు మారని పోర్టింగ్ సదుపాయం 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతటా వచ్చింది. 2015 జులై నుంచి వేరే రాష్ట్రానికి మకాం మార్చినా అదే నంబరు ఉంచుకోవచ్చు. కానీ ఇదంతా మొబైల్‌కే. 040 తోనో 0866 తోనో మొదలయ్యే ఇంటి నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి తీసుకెళ్లే ఏర్పాటు మన దగ్గర లేదు. కొత్త ఫైబర్ కంపెనీ ఉచితంగా ఒక ల్యాండ్‌లైన్ ఇస్తుంది గానీ, దాని నంబరు కొత్తది.

పాత నంబరు దక్కించుకోవడానికి ఒకే దారి ఉంది: కంపెనీ మారకుండా తీగ మార్చడం. బీఎస్ఎన్ఎల్ రాగి లైను ఉన్నవారు అదే సంస్థ ఫైబర్‌కు మారితే ఉన్న నంబరే కొనసాగించుకోవచ్చు. అది లైను మార్పిడి కింద జరగాలి. ‘ముందు పాతది సరెండర్ చేయండి, తర్వాత కొత్తది ఇస్తాం’ అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. సరెండర్ చేసిన నంబరు మీది కాకుండా పోతుంది. దశాబ్దాలుగా శుభలేఖల మీద అచ్చయిన నంబరు, మేనత్త గారి డైరీలో మొదటి పేజీలో ఉన్న నంబరు, ఒక్క సంతకంతో పోతుంది.

ఎలాగూ వేరే కంపెనీకే వెళ్లాలనుకుంటే పాతదీ కొత్తదీ రెండు నెలల పాటు పక్కపక్కనే నడవనివ్వడం మేలు. ఆ రెండు బిల్లులు దండగ కావు. పాత లైనుకు ఎవరెవరు ఫోన్ చేస్తున్నారో ఆ రెండు నెలల్లో తేలుతుంది. పాల కేంద్రం, మందుల షాపు, పింఛనుదారుల సంఘం కార్యదర్శి, వాట్సాప్ లేని చిన్ననాటి స్నేహితుడు. పిల్లలకు తెలియని నంబర్ల ప్రపంచం ఒకటి పెద్దవాళ్లకు ఉంటుంది. ఇంకో పాత సంగతి: సంచార్‌నెట్, డేటావన్ పేర్లతో ఉండే ఈమెయిల్ చిరునామాలు ల్యాండ్‌లైన్ ఇంటర్నెట్టుతో పాటు వచ్చినవే. విశ్రాంత ఉద్యోగులెవరైనా బ్యాంకులో అదే చిరునామా ఇచ్చి ఉంటే, లైను తీయించకముందే మార్పించాలి.

మొబైల్ పోర్టింగ్ తేలికే. పోర్ట్ అన్న మాట ఇంగ్లిషులో రాసి, ఖాళీ వదిలి, పది అంకెల నంబరు చేర్చి 1900కు ఎస్సెమ్మెస్ పంపితే ఎనిమిది అక్షరాంకెల కోడ్ వస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఆలోగా కొత్త కంపెనీ దగ్గర దరఖాస్తు పెడితే ఒకే సర్కిల్ (టెలికాం సేవలకు గీసిన ప్రాంతం) పరిధిలో మూడు పని దినాలు, వేరే సర్కిల్‌కైతే అయిదు పని దినాలు పడుతుంది. రాష్ట్రం రెండైనా టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. కాబట్టి ఖమ్మం నుంచి విజయవాడకు మారినా అది సర్కిల్ లోపలి మార్పే. ప్రస్తుత కంపెనీలో కనీసం 90 రోజులు గడిచి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బకాయి ఉండకూడదు. 2024 జులై 1 నుంచి ఇంకో షరతు వచ్చింది: సిమ్ పోయిందనో పాడైందనో మార్పించుకుంటే ఏడు రోజుల దాకా పోర్టింగ్ కుదరదు. దొంగ సిమ్‌లతో ఖాతాలు ఖాళీ చేసేవాళ్లను ఆపడానికి పెట్టిన అడ్డు అది. పాత ప్రీపెయిడ్ బ్యాలెన్సు కొత్త కంపెనీకి రాదు, కాబట్టి ఏడాది రీచార్జ్ చేయించిన నెలలోనే పోర్ట్ చేయకండి.

నియమాల కన్నా ఎక్కువగా దెబ్బతీసేది నంబరు వెనుక ఉన్న అల్లిక. గ్యాసు సిలిండరు తెచ్చిన అబ్బాయి అడిగే డెలివరీ కోడ్ ఆ నంబరుకే వస్తుంది. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ అక్కడికే. నవంబరు నెలలో పింఛనుదారులు ఇచ్చే డిజిటల్ జీవన ప్రమాణ పత్రానికీ మొబైల్ నంబరు కావాలి. సిమ్ మార్పించుకున్నాక మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి. అందుకని సిలిండరు వచ్చే రోజునో, నెల మొదటి వారంలోనో, ఆస్పత్రి అపాయింట్‌మెంట్ ముందు రోజునో ఈ పని పెట్టుకోకూడదు.

సిమ్ ఎవరి పేరు మీద ఉందో ముందే చూసుకోవాలి. ఎప్పుడో పండగ ఆఫర్‌లో కొడుకు తన పేరు మీద తీసి ఇచ్చిన సిమ్‌ను తండ్రి పదేళ్లుగా వాడుతుంటాడు. పోర్ట్ చేయాలంటే ఇప్పుడా కొడుకే వచ్చి ఫొటో దిగాలి. ఆయన డల్లాస్‌లో ఉంటాడు. భర్త పేరు మీది నంబరును ఆయన పోయాక కూడా వాడుకుంటున్న తల్లులు ఎందరో. మరణ ధ్రువపత్రం చూపి వారసుల పేరుకు మార్పించుకునే పద్ధతి ఉంది, కష్టకాలంలో అది ఎవరికీ గుర్తుండదు. ఒకరి పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లున్నాయో కేంద్ర టెలికాం శాఖ 2023 మే నెలలో తెచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో చూడవచ్చు. పెద్దవాళ్ల వేలిముద్రలు అరిగిపోయి యంత్రం తీసుకోకపోతే నిరాశపడనక్కరలేదు. పత్రాలు, అక్కడికక్కడ తీసే ఫొటోతో చేసే పద్ధతి వేరే ఉంది. కౌంటరు దగ్గర దాని పేరెత్తాల్సింది మీరే, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇక వాడకుండా సొరుగులో పడేసిన సిమ్ సంగతి. ట్రాయ్ నియమం ప్రకారం 90 రోజులు వాడకం లేకపోతే నంబరు రద్దు చేయవచ్చు. ప్రీపెయిడ్ ఖాతాలో 20 రూపాయలుంటే దాన్ని తీసుకుని మరో 30 రోజులు ఉంచాలి. రద్దయిన నంబరు, కనీసం 90 రోజుల విరామం తర్వాత, వేరొకరికి వెళ్తుంది. అమ్మమ్మ బ్యాంకు ఖాతాకు జతపడి ఉన్న నంబరు ఎవరో అపరిచితుడి చేతిలో పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

కరెంటు పోతే?

రాగి లైనులో ఒక గొప్పతనం ఉండేది, మనం దాన్ని ఎన్నడూ గుర్తించలేదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి మైనస్ 48 వోల్టుల విద్యుత్తు ఆ రెండు సన్నని తీగల్లోంచే వచ్చి ఫోనును నడిపేది. ఊరంతా చీకటైనా రిసీవరు ఎత్తితే డయల్ టోన్ వినిపించేది అందుకే. గాజు పోగులో కాంతి వెళ్తుంది, కరెంటు వెళ్లదు. కాబట్టి ఇంటికి వచ్చిన ఫైబర్‌ను మాటగా మార్చే పెట్టెకు మన ఇంటి ప్లగ్గు నుంచి కరెంటు ఇవ్వాలి. అది ఆగితే ఇంటర్నెట్టే కాదు, ఆ పెట్టెకు తగిలించిన ల్యాండ్‌లైన్ కూడా ఆగుతుంది.

బ్రిటన్‌లో ఇదే విషయం మీద పెద్ద గొడవ అయింది. రాగి ఫోన్ల వ్యవస్థను 2025 డిసెంబరుకల్లా మూసేయాలనుకున్న కంపెనీలు గడువును 2027 జనవరికి జరిపాయి. ఒంటరి వృద్ధులు మెడలో వేసుకునే అత్యవసర బటన్లు పాత లైన్ల మీదే నడవడం, మార్చిన ఇళ్లలో కొన్ని చోట్ల అవి పనిచేయకపోవడం అందుకు ముఖ్య కారణం. ల్యాండ్‌లైన్ మీదే ఆధారపడినవారికి కరెంటు పోయినా కనీసం ఒక గంట అత్యవసర కాల్ చేసుకునే ఏర్పాటు కంపెనీయే చూపాలని అక్కడి నియంత్రణ సంస్థ చెప్పింది. మన దగ్గర ఆ ఏర్పాటు మనమే చూసుకోవాలి.

అదృష్టవశాత్తూ మన ఇళ్లలో చాలా వాటికి ఇన్వర్టర్ ఉంది. దురదృష్టవశాత్తూ ఫైబర్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు పెట్టెను టీవీ వెనుక బిగిస్తాడు. ఫ్యాన్లకూ లైట్లకూ ఇన్వర్టర్ లైను ఇచ్చిన ఎలక్ట్రీషియన్ టీవీ దగ్గరి ప్లగ్గుకు ఇచ్చి ఉండడు. వచ్చిన కుర్రాడు డ్రిల్లు తీయకముందే మెయిన్ ఆపేసి ఏ ప్లగ్గులో కరెంటు ఉందో చూసి, అక్కడ బిగించమని చెప్పండి. ఇన్వర్టర్ లేకపోతే రూటర్ల కోసమే అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొనండి, కొన్ని గంటలు నెట్టుకొస్తుంది. ఇంకో చిక్కు ఇంటి బయట ఉంటుంది. కొన్ని అపార్టుమెంట్లలో ఇంటర్నెట్టు పంచే పెట్టె మెట్ల కింద, అపార్టుమెంటు కరెంటు మీదే నడుస్తుంది. జనరేటరు దానికి కలపకపోతే మీ ఇంట్లో యూపీఎస్ ఉండీ లాభం లేదు. ‘కరెంటు పోయినప్పుడు మీ దగ్గర నెట్ వస్తుందా?’ అని పక్క ఫ్లాటువాళ్లను అడగడమే దీనికి సరైన పరీక్ష. కంపెనీ ప్రతినిధిని అడిగితే ‘వస్తుంది సార్’ అనే అంటాడు.

2017 డిసెంబరులో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్టు, ఫోను అంటూ ఊళ్లలోకి వెళ్లగలిగింది కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడం వల్ల. తవ్వే ఖర్చు లేదు, గోతులు లేవు. కానీ గాలివానకు స్తంభం ఒరిగితే కరెంటూ ఫోనూ కలిసే పోతాయి. తీగ లేకుండా మేడ మీద డబ్బా పెట్టి ఇచ్చే ఎయిర్‌ఫైబర్ తరహా సేవలు 2023 సెప్టెంబరులో హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో వచ్చాయి. వీటికి తీగ తెగే బాధ లేదు, కోతులున్న ఊళ్లలో అది చిన్న సుఖమేమీ కాదు. కరెంటు మాత్రం వీటికీ కావాలి, పైగా టవరుకు కూడా ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో సెల్ టవర్లు మూగబోవడం చూశాం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన విజయవాడ కాలనీల్లో కరెంటు లేక ఫోన్లకు చార్జింగే కరవైంది. అలాంటప్పుడు ఒక్కసారి చార్జ్ చేస్తే రోజుల తరబడి నిలిచే బటన్ల ఫోను విలువ తెలుస్తుంది.

ఇంటర్నెట్టు వేగం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి 30 ఎంబీపీఎస్ చాలు. మనవరాలితో వీడియో కాల్‌కు అందులో చిన్న వాటా కూడా పట్టదు. 399 రూపాయలన్న ప్లానుకు 18 శాతం జీఎస్టీ కలిస్తే 471 అవుతుందని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే నాన్నగారు బిల్లు చూసి మోసమంటారు. ఆరు నెలలకు ముందే కట్టించుకునే ఆఫర్లు పెద్దల ఇంటికి వద్దు. సేవ బాగాలేకపోతే మారే స్వేచ్ఛ ఆ డబ్బు దగ్గరే ఆగిపోతుంది. పాత కంపెనీ రూటరు వాళ్లదే అయితే తిరిగిచ్చి రసీదు తీసుకోవాలి.

కొత్త రూటరులో వైఫై పేరు, పాస్‌వర్డు పాతవే పెట్టించండి. అక్షరం తేడా లేకుండా పెడితే ఇంట్లోని టీవీ, ఫోను, ట్యాబు సాధారణంగా వాటంతట అవే కలుస్తాయి. పిల్లలు వెళ్లాక ‘టీవీలో భక్తి చానల్ రావడం లేదు’ అనే ఫోను రాకుండా చేసే ఉపాయం ఇంతకన్నా చవకైనది లేదు. అలాగే పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎక్కడుందో చూపించండి. అది ఎర్రగా వెలిగితే తీగ తెగినట్టు లేదా కాంతి అందనట్టు. అప్పుడు రూటరును పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు, ఆపరేటరుకు చెప్పాల్సిందే. ఈ ఒక్క సంగతి తెలిసిన పెద్దమనిషి ఫిర్యాదు చేస్తే అవతలివాళ్లు ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అని దాటవేయలేరు.

చెవికి అందే మాట

వయసుతో వచ్చే వినికిడి లోపం హెచ్చు శ్రుతి, అంటే కీచుగా ఉండే శబ్దాల దగ్గర మొదలవుతుంది. ‘గొంతు వినిపిస్తోంది, మాట తెలియడం లేదు’ అని పెద్దవాళ్లు అనేది అక్షరాలా నిజం. అచ్చులు వినిపిస్తాయి. స, శ, ష, ఫ లాంటి ఊదుడు ధ్వనులు జారిపోతాయి. గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి తప్ప హల్లులు తేటపడవు. పాత ఫోను లైను మోసేదే సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు. ఊదుడు ధ్వనుల్లో చాలా భాగం ఆ పైనే ఉంటుంది. 4జీ మీద నేరుగా వెళ్లే వోల్టీ కాల్, రెండు వైపులా ఆ సదుపాయం ఉంటే, సుమారు 7,000 హెర్ట్జ్ వరకు మోస్తుంది. అందుకే అదే మనిషి గొంతు వాట్సాప్ కాల్‌లోనో వోల్టీలోనో తేటగా, 2జీ ఫోనులో బొంగురుగా వినిపిస్తుంది. వాల్యూమ్ పెంచడం కన్నా కాల్ రకం మార్చడం ఎక్కువ మేలు చేసే సందర్భాలు ఉన్నాయని దీని అర్థం.

వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి 2జీ ఫోను ఇంకో బాధ తెస్తుంది. 2జీ సంకేతం సెకనుకు 217 సార్లు తెరలు తెరలుగా వెలువడుతుంది, అది యంత్రంలో ‘జుయ్’ అని రొదగా వినిపిస్తుంది. ఫోను కొనేటప్పుడు యంత్రం చెవికి పెట్టుకునే దుకాణానికి వెళ్లి, అక్కడి నుంచి ఇంట్లోవాళ్లకు నిజంగా కాల్ చేసి చూడాలి. చెవి వెనుక పెట్టే యంత్రమైతే దాని మైకు చెవి పైభాగంలో ఉంటుంది. ఫోనును మామూలుగా చెవి రంధ్రం దగ్గర పెట్టుకుంటే వినపడదు, వేలెడు పైకి జరపాలి. యంత్రం అమ్మినవాళ్లు ఇది చూపించకపోవడం వల్ల ఫోన్ వచ్చినప్పుడల్లా యంత్రం తీసేసి మాట్లాడేవాళ్లు చాలామంది.

ఇంటి లోపల సిగ్నల్ లేక మాట తెగుతుంటే ఫోన్ మార్చే ముందు వైఫై కాలింగ్ ఉందేమో చూడండి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దీన్ని తెచ్చాయి. సెట్టింగుల్లో ఒక మీట నొక్కితే మామూలు నంబరు మీది కాల్సే ఇంటి ఫైబర్ గుండా వెళ్తాయి. రెండు శ్లాబుల కింద ఉన్న వెనుక గదిలో మాట్లాడటానికి డాబా మీదకు పరుగెత్తే పని తప్పుతుంది.

ఇప్పుడు వేలు. పెద్దల వేలికొసలు పొడిబారి ఉంటాయి, టచ్ తెర అలాంటి వేలిని సరిగా గుర్తించదు. గుర్తించలేదని వాళ్లు గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతారు. అప్పుడు ఫోను దాన్ని వేరే ఆదేశం అనుకుని ఏదో మెనూ తెరుస్తుంది. ‘ఈ ఫోను నా మాట వినదు’ అన్న విసుగు అక్కడ పుడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగుల్లో తాకి పట్టుకునే సమయాన్ని పెంచే ఏర్పాటు ఉంది. శామ్‌సంగ్‌లో ఈజీ మోడ్, ఐఫోన్‌లో 2023 నుంచి అసిస్టివ్ యాక్సెస్ ఉన్నాయి, రెండూ తెరను నాలుగైదు పెద్ద బొమ్మలకు కుదిస్తాయి. తాళం తెర మీద ప్రకటనలు, వార్తలు చూపించే ఫోన్లయితే దాన్ని మొదటే ఆపేయాలి. కాల్ తీయబోయి ప్రకటన తెరిచి, ఆ తర్వాత పది నిమిషాలు తంటాలు పడే పెద్దవాళ్లను చూస్తే ఆ ఆలోచన ఎవరిదోగానీ కోపం వస్తుంది.

నా దృష్టిలో పెద్దలకు ఇవ్వకూడని ఫోను ఏదైనా ఉందంటే అది మనవడు వాడి పక్కన పెట్టింది. బ్యాటరీ నీరసించి ఉంటుంది, భద్రతా నవీకరణలు ఆగిపోయి ఉంటాయి, మెమరీ నిండి ఉంటుంది. అన్నిటికీ ఓర్పు లేని వయసువాళ్లు విసిగి వదిలేసిన వస్తువును, చూపు మందగించిన వాళ్ల చేతిలో పెట్టడం ఏం న్యాయం? కొత్తది కొంటే అదే వీధిలో ఉండి సాయం చేసే వ్యక్తి, అంటే మేనల్లుడో పక్కింటి అమ్మాయో, ఏ రకం ఫోను వాడుతుంటే అదే కొనండి. అమెరికాలోని కొడుకు వాడేది కాదు.

బటన్ల ఫోను చాలనుకునేవారికి ఒక హెచ్చరిక. పోర్టింగ్‌తో కలిసి ఇది చాలా ఇళ్లలో తెచ్చిపెట్టే తలనొప్పి. జియోకు 2జీ లేదు. పాత 2జీ బటన్ల ఫోనులో జియో సిమ్ వేస్తే కాల్సే రావు. నాన్నగారి నంబరును చవకగా ఉందని జియోకు పోర్ట్ చేసినవారు ఆ రాత్రే ఈ సంగతి కనుక్కుంటారు, వెనక్కి వెళ్లాలంటే 90 రోజులు ఆగాలి. 4జీ బటన్ల ఫోన్లు ఉన్నాయి, జియో తానే 2023 జులైలో 999 రూపాయల భారత్ ఫోను తెచ్చింది. పోర్ట్ చేసే ముందు ఫోను డబ్బా మీద 4జీ, వోల్టీ అని ఉందో లేదో చూడటం రెండు నిమిషాల పని. డేటా అక్కరలేని వారికి కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే రీచార్జులు అమ్మాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. 2025 జనవరి నుంచి అవి దొరుకుతున్నాయి. కంపెనీల యాప్‌లలో వాటిని అడుగున ఎక్కడో దాచిపెడతారు, వెతకాలి.

ల్యాండ్‌లైన్ రిసీవరు చేతికి అలవాటైపోయినవారికి మధ్యే మార్గం ఒకటుంది. బల్ల మీద పెట్టుకునే ఫోనులాగే ఉండి లోపల సిమ్ వేసుకునే పరికరాలు దొరుకుతున్నాయి. ఒకప్పుడు పల్లెల్లో ఉండే, తీగ లేని డబ్ల్యూఎల్ఎల్ ఫోన్లకు ఇవి వారసులు. పెద్ద బటన్లు, చెవినీ నోటినీ కలిపే రిసీవరు, గట్టి రింగు, కరెంటు పోయినా పనిచేసే బ్యాటరీ. మొబైల్ నంబరు దీనిలో ఉంటే నంబరు, కరెంటు, చెవి మూడు చిక్కులూ ఒకేసారి చాలావరకు తేలిపోతాయి. ఎందుకో దీని గురించి ఎవరూ చెప్పరు.

అత్యవసర బటన్ ఏర్పాటు 2017 జనవరి నుంచి అమ్మే ప్రతి ఫోనుకూ తప్పనిసరి. బటన్ల ఫోనులో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవడం, స్మార్ట్‌ఫోనులో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కడం నియమం. ఇంట్లో కూర్చుని ఒకసారి సెట్టింగులు చూసి, ఏ నొక్కుకు ఏమవుతుందో తెలుసుకుని ఉంచండి. 112 కంఠస్థం కావాలి. ప్రాణాపాయం కాని విషయాలకు, అంటే పింఛను సందేహమో, ఆస్తి గొడవో, ఒంటరితనమో, వయోవృద్ధుల కోసం 14567 ఉంది. 2017లో హైదరాబాద్‌లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని అనే సేవా సంస్థ కలిసి మొదలుపెట్టిన సేవే తర్వాత దేశమంతటికీ విస్తరించింది.

డబ్బు ఉన్న నంబరు, కబుర్లు ఉన్న నంబరు

పెద్దలకు రెండు సిమ్‌లు ఇవ్వడం దుబారా అని చాలామంది అంటారు. నేను అనుకోను. బ్యాంకు, ఆధార్, గ్యాసు ముడిపడి ఉన్న పాత నంబరును బటన్ల ఫోనులో ఉంచి, వాట్సాప్, యూట్యూబు, వీడియో కాల్స్‌కు వేరే సిమ్‌తో టచ్ ఫోను ఇస్తే మోసగాళ్ల పని సగం చెడిపోతుంది. పెళ్లి పత్రిక అని, ట్రాఫిక్ చలానా అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును, అంటే ఫోనులోకి యాప్ ఎక్కించే ఫైలును నొక్కితే ఫోను దొంగ చేతికి వెళ్తుంది, ఓటీపీలు కూడా అతనికే కనిపిస్తాయి. ఓటీపీ వేరే ఫోనుకు, అదీ యాప్‌లు ఎక్కించలేని ఫోనుకు వస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఈ పద్ధతిలో టచ్ ఫోనులో యూపీఐ ఉండదు. చిన్న చెల్లింపులకు బటన్ల ఫోను నుంచే చేసే యూపీఐ 123పే 2022 మార్చిలో వచ్చింది, దాని పరిమితిని 2024 అక్టోబరులో 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. లేదంటే కొడుకు ఖాతా నుంచి నెలకు 15,000 రూపాయల దాకా తల్లి చెల్లించగల యూపీఐ సర్కిల్ ఉంది.

పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే మోసగాళ్లు చెప్పే ‘డిజిటల్ అరెస్టు’ అనేదేదీ చట్టంలో లేదని ప్రధాని 2024 అక్టోబరులో రేడియోలో చెప్పారు. కాల్ చేసినప్పుడల్లా వినిపించిన హెచ్చరిక పుణ్యమా అని ఆ మాట విననివారు లేరు. అయినా పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ వస్తే భయపడేవాళ్లు భయపడుతూనే ఉన్నారు. వాళ్లకు పనికొచ్చేది ఇంట్లో ముందే అనుకున్న ఒక మాట: ‘మా అబ్బాయితో మాట్లాడి చెప్తాను’ అని ఫోను పెట్టేయడం, అవతల ఎవరున్నా సరే. లైను మార్పు జరుగుతున్న వారంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. ‘మీ కనెక్షన్ మార్పు కోసం ఫోన్ చేస్తున్నాం’ అనే దొంగ కాల్ ఆ వారంలో నిజమైనదిగానే వినిపిస్తుంది. నక్షత్రం గుర్తుతో మొదలయ్యే అంకెలు నొక్కమని ఎవరు చెప్పినా నొక్కకూడదు. కాల్స్ దారి మళ్లించే కిటుకు అది. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయాలి. పిల్లలు తిడతారని రెండు రోజులు దాచిపెట్టే పెద్దలు ఎందరో, ఆ రెండు రోజుల్లో డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. అందుకే తిట్టబోమని పిల్లలు ముందే చెప్పి ఉంచాలి.

మాట నెగ్గకపోతే

కంపెనీతో తగువు పడితే చాలామంది ట్రాయ్‌కు ఉత్తరం రాస్తారు. విడి వినియోగదారుల ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు. ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో చెప్పి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లాలి, అందుకు రుసుము లేదు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం వివాదాలు ఆ కమిషన్ల పరిధిలోకి రావని కంపెనీలు ఏళ్ల తరబడి వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. ఫిర్యాదు సంఖ్య, రూటరు రసీదు, లైను మార్పిడి దరఖాస్తు నకలు ఈ మూడు కాగితాలు లేకుండా ఏ మెట్టు దగ్గరా ముందుకు కదలదు. దరఖాస్తు మీద కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వారి సంతకమే ఉండాలి, పిల్లలది కాదు.